వందల సామానుకి వేల రూపాయల మిషన్ని తూకానికి వేస్తున్నాం

పోస్టు పెద్దదే, ముందే చెప్తున్నా. ఇంట్లో చెట్లు కోసే రంపం మిషన్ ఉన్నవాళ్ళూ, ఈ ఏడాది కొందామనుకుంటున్నవాళ్ళూ చివరిదాకా చదవండి. చదివాక నా మీద కోపం వస్తే తిట్టండి, పర్వాలేదు. చదవకుండా మాత్రం మిషన్ని పాత ఇనుము కొట్టుకి పంపకండి.

మన ఊళ్ళల్లో ఒక మాట పాతుకుపోయింది. "చైన్ సా అంటే రెండు సీజన్ల సరుకండీ, ఆ తర్వాత కొత్తది కొనుక్కోవాల్సిందే." అమ్మే షాపాయన ఇదే అంటాడు. బాగుచేయాల్సిన మెకానిక్కూ ఇదే అంటాడు. చివరికి డబ్బు పెట్టిన మనమూ ఇదే అనుకుని సర్దుకుపోతున్నాం. కర్రు అరిగిందని నాగలిని పారేసిన రైతుని ఎవరైనా చూశారా? కొలిమి దగ్గరికి తీసుకెళ్ళి కర్రు సాగగొట్టించుకొచ్చేవాళ్ళు మన పెద్దలు. రోటవేటరు బ్లేడ్లు అరిగితే బ్లేడ్లు మారుస్తున్నాం, రోటవేటరుని కాదు. మరి రంపం మిషన్ దగ్గరికొచ్చేసరికి ఎందుకింత తొందర?

తూకానికి పోతున్న మిషన్లని ఒక్కసారి విప్పి చూడండి. చాలావాటిలో ఇంజను శుభ్రంగా ఉంటుంది. తాడు లాగితే కంప్రెషన్ చేతికి తెలుస్తూనే ఉంటుంది. పోయింది పక్క కవరు కింద ఉండే రెండు చిన్న సామాన్లు. ఒకటి క్లచ్. రెండోది గొలుసుకి నూనె కొట్టే ఆయిల్ పంపు. మన దగ్గర ఎక్కువగా తిరిగే 52, 58 సీసీ మిషన్లకి ఈ రెండిటి సామాను అంతా కలిపినా కొన్ని వందల్లో తేలుతుంది. ఆ వందలు పెట్టక, వేలు పోసి ఇంకో మిషన్ తెస్తున్నాం. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఇది షాపువాళ్ళ తప్పా, మన తప్పా అని అడిగితే, సగం సగం అంటాను. ముందు మన సగం చెప్పుకుందాం.

ఆ కవరు కింద ఏముంది?

ఇంజను షాఫ్టు చివర ఒక హబ్బు ఉంటుంది. దానికి రెండో మూడో షూలు, వాటిని లోపలికి లాగి పట్టుకునే స్ప్రింగులు. వాటి మీద గిన్నెలాంటి ఇనప డ్రమ్ము. గొలుసుని తిప్పే పళ్ళ చక్రం, అదే స్ప్రాకెట్, ఆ డ్రమ్ముకే ఉంటుంది. ఐడిల్‌లో ఇంజను నిమిషానికి సుమారు 3 వేల చుట్లు తిరుగుతుంటే షూలు లోపలికి ముడుచుకుని ఉంటాయి, గొలుసు కదలదు. యాక్సిలరేటర్ నొక్కితే షూలు బయటికి విసురుకుని డ్రమ్ముని లోపలి నుంచి పట్టుకుంటాయి, గొలుసు పరుగెడుతుంది. టీవీఎస్ ఎక్సెల్ బండి నడిపినవాళ్ళకి ఇది కొత్త కాదు. క్లచ్ లివరు లేకుండా ఆ బండి కదిలేది కూడా ఈ పద్ధతిలోనే.

ఇక పంపు. క్లచ్ డ్రమ్ము వెనకాలే ఉంగరంలా ఒక వామ్ గేరు ఉంటుంది. కొన్ని మోడళ్ళలో అది డ్రమ్ముతో పాటు తిరుగుతుంది, కొన్నిటిలో నేరుగా షాఫ్టుతో తిరుగుతుంది. అది తిరిగితే పక్కనున్న చిన్న ప్లంజరు తను తిరుగుతూ ముందుకీ వెనక్కీ ఆడుతుంది. ఆడినప్పుడల్లా ట్యాంకులోంచి కాస్త నూనె లాగి, బారు పక్కనున్న బెజ్జంలోకి నెడుతుంది. అక్కడినుంచి గొలుసు ఆ నూనెని బారు గాడి పొడవునా మోసుకెళ్తుంది. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. చవక మిషన్లలో ఆ వామ్ గేరు చాలావరకు ప్లాస్టిక్‌ది. అది ఉండేదేమో కాగే డ్రమ్ము పక్కన. అంటే క్లచ్ వేడెక్కితే ముందు చచ్చేది పంపు గేరు. పంపు ఆగితే బారు ఎండుతుంది. ఎండిన బారులో గొలుసు బిగుసుకుంటుంది. బిగుసుకున్న గొలుసుని లాగలేక క్లచ్ ఇంకా జారుతుంది, ఇంకా కాగుతుంది. ఈ రెండు సామాన్లకీ పేర్లు వేరు గానీ చావు ఒకటే. ఒకదానికి జబ్బు చేస్తే రెండోదాన్ని కూడా చూడాల్సిందే.

మరి క్లచ్ ఎందుకు కాగుతుంది? మూడే కారణాలు. మూడూ మన చేతిలోవే.

మొదటిది, మొద్దుబారిన గొలుసు. పదునున్న గొలుసు చిన్న చిన్న పేళ్ళు విసురుతుంది. మొద్దుబారింది పిండిలాంటి పొట్టు పోస్తుంది. పొట్టు వస్తోందంటే గొలుసు కోయడం లేదు, రాస్తోంది. అప్పుడు మనమేం చేస్తాం? ఆకురాయి తీసి పదును పెట్టం. మిషన్ మీద బరువంతా వేసి నొక్కుతాం. చుట్లు పడిపోతాయి, షూలు డ్రమ్ములో జారతాయి, జారినచోట నిప్పు పుడుతుంది.

రెండోది, బ్రేకు వేసి యాక్సిలరేటర్ నొక్కడం. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు వేసే ఉండాలి, అది మంచి అలవాటు. కానీ స్టార్టయిన తర్వాత బ్రేకు వదలకుండా "వేడెక్కాలి" అని బర్రుమనిపిస్తారే, అదే ప్రాణం తీసేది. బ్రేకు బెల్టు డ్రమ్ముని కదలనివ్వదు, లోపల షూలు తిరుగుతూనే ఉంటాయి. కాసేపట్లోనే పొగ వాసన వస్తుంది. డ్రమ్ము నీలంగా మారిందంటే ఇదో, మొద్దు గొలుసో కారణం.

మూడోది, కొమ్మలో ఇరుక్కున్న బారుని ఫుల్ యాక్సిలరేటర్‌తో లాగడం. గొలుసు ఆగిపోయి ఇంజను తిరుగుతోందంటే ఆ శక్తంతా డ్రమ్ములోకే పోతోంది. ఆపండి. గసిక కొట్టి కోత నోరు తెరిచి బారు తీయండి.

కాలిన ఆయిల్ పొదుపు కాదు

ఇది రాస్తే చాలామందికి నచ్చదని తెలుసు. ట్రాక్టరు ఆయిల్ మార్చినప్పుడు దింపిన నల్ల ఆయిల్ని డబ్బాలో దాచి, అదే రంపానికి పోస్తున్నాం. "గొలుసుకి నూనె ఎటూ కారిపోయేదే కదా, దానికి కొత్తదెందుకు?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ నూనె గొలుసు దగ్గరికి వెళ్ళడానికి ముందు పంపులోంచి వెళ్ళాలి. పంపులో ప్లంజరుకీ దాని బెజ్జానికీ మధ్య సందు వెంట్రుక పట్టనంత సన్నం. కాలిన ఆయిల్లో ఇంజను అరిగిన లోహపు రజను, మసి, ఆమ్లాలు, కాస్త డీజిలు అన్నీ ఉంటాయి. ఆ రజను ప్లంజరుని గీస్తుంది, ఆ మసి ఫిల్టరుని పూడుస్తుంది. ప్లంజరు బిగుసుకుపోయిందా, వామ్ గేరు దాన్ని తిప్పలేక పళ్ళు ఊడగొట్టుకుంటుంది.

ఇంకోటి. గొలుసు సెకనుకి 20 మీటర్ల దాకా వేగంతో పరుగెడుతుంది. బారు ముక్కు దగ్గర ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. అక్కడ అంటుకుని ఉండే జిగురు నూనె కావాలి. బార్ ఆయిల్ అని విడిగా అమ్మేదాంట్లో ఆ జిగురు కలుపుతారు. కాలిన ఆయిల్ పల్చబడిపోయి ఉంటుంది. ముక్కు దగ్గరికి వెళ్ళేసరికి విసిరికొట్టుకుపోతుంది. ఎక్కడికి? మీ చేతుల మీదకి, మొహం మీదకి, మీ పొలం మట్టి మీదకి. వాడేసిన ఇంజనాయిల్ చర్మానికి పదేపదే తగిలితే చర్మ క్యాన్సరు రావచ్చని పేరున్న కంపెనీల మాన్యువళ్ళలోనే హెచ్చరిక ఉంటుంది. ఆ పుస్తకం మనం చదవం. కవరుతో సహా అటక మీద పెడతాం.

లెక్క చూద్దాం. 58 సీసీ మిషన్లలో చాలావాటికి పెట్రోలు ట్యాంకు 550 మిల్లీలీటర్లు, నూనె ట్యాంకు 260 మిల్లీలీటర్లు. ఒక ట్యాంకు పెట్రోలు అయ్యేసరికి నూనె ట్యాంకు కూడా దాదాపు అయిపోవాలి. అంటే లీటరు నూనె దాదాపు నాలుగు ట్యాంకుల పెట్రోలుకి వస్తుంది. చెట్టు కోసే మనిషి ఒకరోజు కూలీ కంటే ఆ లీటరు ధర తక్కువే. ఆ కాస్త మిగుల్చుకుని బారు, గొలుసు, పంపు, గేరు పోగొట్టుకోవడాన్ని పొదుపు అంటారా?

బార్ ఆయిల్ మీ మండలంలో దొరకదా? సీలు తీయని కొత్త 20డబ్ల్యు40 ఇంజనాయిల్ పోయండి, అవసరానికి సరిపోతుంది. 90 గేరాయిల్ ఒక్కటే పోయకండి, చిన్న పంపు దాన్ని లాగలేక తంటాలు పడుతుంది. వంటనూనె పోసేవాళ్ళు కూడా ఉన్నారు. అది గొలుసుకి పనిచేస్తుంది గానీ పని లేని రోజుల్లో ట్యాంకులో నిలవ ఉంటే బంకలా గడ్డకట్టి పంపుని పట్టేస్తుంది. పోస్తే ఆ పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి కడగాలి.

ఎడ్లబండి రోజులు గుర్తున్న పెద్దలు ఇది చదువుతుంటే ఒక మాట. బండి ఇరుసుకి కందెన పెట్టకుండా ఎవరైనా బండి కట్టేవాళ్ళా? కందెన గొట్టం బండికే వేలాడుతుండేది. చెక్కబండికి చేసిన సేవ, పెట్రోలు మిషన్‌కి చేయలేమా?

"కూలీవాళ్ళే పాడుచేస్తారు" అనేవాళ్ళకి

ఇది రెండో సాకు. ఖమ్మంలో గానీ ప్రకాశంలో గానీ, సుబాబుల్, జామాయిల్ కోత టన్ను లెక్క మీద నడుస్తుంది. కోసేవాడికి టన్నుకింత. గొలుసుకి పదును పెట్టే పావుగంట అతనికి కూలి పోయినట్టే. నూనె డబ్బా మనం ఇవ్వలేదు, ఆకురాయి ఇవ్వలేదు, రెండో గొలుసు ఇవ్వలేదు. ఇచ్చింది మిషన్, పెట్రోలు, "తొందరగా కానీయ్" అనే మాట. అతను నొక్కక ఏం చేస్తాడు? మిషన్తో పాటు పదునున్న గొలుసులు రెండు, గుండ్రటి ఆకురాయి, లీటరు కొత్త నూనె ఇచ్చి చూడండి. పెట్రోలు పోసినప్పుడల్లా నూనె కూడా పోయాలని ఒక్క మాట చెప్పండి. అప్పుడు కూడా పాడైతే అతన్ని అడుగుదురు గానీ.

"చైనా మిషనే అంతండీ" అనేవాళ్ళకి

ఒప్పుకుంటా, సామాను నాణ్యత తేడా ఉంది. స్ప్రింగులు త్వరగా సాగుతాయి, గేరు ప్లాస్టిక్‌ది. కానీ అదే మిషన్‌కి ఒక మంచి గుణం ఉంది. ఒకే నమూనా మీద రకరకాల పేర్లతో, రకరకాల రంగులతో తయారవుతాయి కాబట్టి ఒకదాని సామాను ఇంకోదానికి చాలావరకు సరిపోతుంది, దొరుకుతుంది, చవక. పాతది చేత్తో పట్టుకెళ్ళి పక్కన పెట్టి పోల్చుకుని కొనండి. కొన్ని మోడళ్ళకి ఇనప వామ్ గేరు కూడా వస్తుంది. ఖరీదైన కంపెనీ మిషన్‌ని మొద్దు గొలుసుతో, కాలిన ఆయిల్‌తో వాడితే అది కూడా పోతుంది. కాకపోతే దాని సామాను ఖరీదు చూసి అప్పుడు గుండె పట్టుకుంటారు.

విప్పడం ఎలా? సుత్తి పక్కన పెట్టి వినండి

ఇక్కడే ఎక్కువ మిషన్లు చస్తున్నాయి. జబ్బుతో కాదు, వైద్యంతో. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు.

1. ఇంజను పూర్తిగా చల్లారాలి. స్పార్క్ ప్లగ్గు వైరు పీకేయండి. తర్వాతే చెయ్యి పెట్టండి.

2. బ్రేకు వదిలి ఉందో లేదో చూసుకుని పక్క కవరు విప్పండి. బ్రేకు బెల్టు కవరులోనే ఉండే మోడళ్ళలో, బ్రేకు పడి ఉండగా తీస్తే కవరు మళ్ళీ ఎక్కక గంటసేపు కుస్తీ పడతారు.

3. క్లచ్ విప్పాలంటే పిస్టన్ కదలకుండా ఆగాలి. ప్లగ్గు తీసి, పిస్టన్ పైకి వస్తూ సైలెన్సరు వైపు బెజ్జం మూసుకున్నాక, సన్నటి నైలాన్ తాడుని ప్లగ్గు బెజ్జంలోంచి లోపలికి దూర్చండి. తాడు కొస బయటే ఉండాలి. షాఫ్టు తిప్పితే పిస్టన్ తాడుని నొక్కి ఆగిపోతుంది. స్క్రూడ్రైవరు, మేకు పెట్టారో పిస్టన్‌కి బొక్క పడుతుంది.

4. గుర్తుపెట్టుకోండి, క్లచ్‌కి మర ఎడమ చేతిది. దాదాపు అన్ని మిషన్లకీ ఇంతే. విప్పడానికి గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. చాలావాటి మీద బాణం గుర్తు కూడా ఉంటుంది. మామూలు నట్టు అనుకుని అటు తిప్పి, రాలేదని ఉలి పెట్టి సుత్తితో కొట్టి, హబ్బు పగలగొట్టి, షాఫ్టు వంచి, "చూశారా, ఇంజనే పోయింది" అంటారు. ఆ ఇంజను పోలేదు, పోగొట్టారు. డ్రమ్ము బయటివైపు ఉండే మోడళ్ళలో మాత్రం ముందు ఒక చిన్న క్లిప్పు, వాషరు తీస్తే డ్రమ్ము వచ్చేస్తుంది. క్లిప్పు ఎగిరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టండి.

5. డ్రమ్ము చూడండి. నీలంగా మారి, లోపల గాడి పడి ఉంటే మార్చండి. స్ప్రాకెట్ పళ్ళ మీద గొలుసు గుర్తులు అర మిల్లీమీటరు కంటే లోతుగా ఉంటే అదీ మార్చాలి. రెండు గొలుసులు అరిగేసరికి ఒక స్ప్రాకెట్ మార్చడం పద్ధతి. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త గొలుసు వేస్తే, ఆ కొత్తదాన్ని అది తినేస్తుంది.

6. స్ప్రింగులు సాగాయా, కొక్కెం విరిగిందా చూడండి. మారిస్తే అన్నీ ఒకేసారి మార్చండి. షూలు కూడా అంతే, జతగా. ఒకటి కొత్తది ఒకటి పాతది వేస్తే మిషన్ వణుకుతుంది.

7. డ్రమ్ము మధ్యలో సన్నటి పుల్లల్లాంటి రోలర్లతో నీడిల్ బేరింగు ఉంటుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. కడిగి, వేలి కొసంత గ్రీజు పెట్టండి. ఎర్రగా కాలి ఉంటే మార్చండి. గ్రీజు ఎక్కువై షూలకి అంటితే క్లచ్ జారుతుంది, జాగ్రత్త.

8. వామ్ గేరు పళ్ళు వేలితో తడిమి చూడండి. అరిగితే మార్చండి. కానీ గేరు ఒక్కటే మార్చి బిగించేయకండి. పంపు స్క్రూలు విప్పి, ప్లంజరు చేత్తో తేలిగ్గా తిరుగుతోందో లేదో చూడండి. తిరగకపోతే, కొత్త గేరు కూడా ఎక్కువ రోజులు ఉండదు. "మొన్ననే గేరు వేశాను, మళ్ళీ పోయింది, సామాను నకిలీ" అనేవాళ్ళలో చాలామందికి జరిగేది ఇదే.

9. నూనె ట్యాంకు పెట్రోలుతో కడగండి, దగ్గర్లో బీడీ ఉండకూడదు. లోపలి గొట్టం పగిలిందా, దాని చివర ఫిల్టరు పూడిందా చూడండి. గొట్టం పగిలితే పంపు గాలి లాగుతుంది, నూనె లాగదు. బారు బెజ్జంలో సన్నటి తీగ పెట్టి పొట్టు తీయండి. బారు గాడి గీకి శుభ్రం చేయండి. బిగించేటప్పుడు ప్రతిసారీ బారుని తిరగేసి బిగిస్తే రెండు అంచులూ సమానంగా అరుగుతాయి.

చాలాసార్లు పంపు దోషమే ఉండదు. పొట్టు, నూనె కలిసి ముద్దకట్టి దారి మూసేసి ఉంటుంది. బ్రష్షు పెట్టి పావుగంట తుడిస్తే పోయేదానికి పంపు మార్చేసి బిల్లు వేస్తారు. ఇంకో కిటుకు. నూనె రానప్పుడు ట్యాంకు మూత కాస్త వదులు చేసి చూడండి. వదులు చేయగానే వస్తే పంపు బాగానే ఉంది, ట్యాంకుకి గాలి వెళ్ళే వెంటు పూడింది. అది శుభ్రం చేయండి చాలు.

బిగించాక పరీక్ష. బారు ముక్కుని తెల్ల అట్టముక్కకి జానెడు దూరంలో పట్టి, సగం యాక్సిలరేటర్ ఇవ్వండి. అట్ట మీద సన్నగా నూనె గీత పడాలి. పడకపోతే కోతకి వెళ్ళొద్దు. చాలా మోడళ్ళకి కింద నూనె ఎక్కువ తక్కువ చేసే స్క్రూ ఉంటుంది. చింత, తుమ్మ, సరుగుడు లాంటి గట్టి కట్టెకి, ఎండిన కట్టెకి కాస్త ఎక్కువ పెట్టుకోండి.

ఇది మిషన్ ఖరీదు సంగతి మాత్రమే కాదు

ఐడిల్‌లో గొలుసు తిరుగుతోందా? ముందు కార్బురేటర్ దగ్గర టీ అక్షరం ఉన్న స్క్రూ తిప్పి ఐడిల్ తగ్గించండి. తగ్గించినా తిరుగుతుంటే క్లచ్ స్ప్రింగు పోయింది, లేదా నీడిల్ బేరింగు పట్టేసింది. అలాంటి మిషన్‌ని "ఏముందిలే, రెండు కొమ్మలే కదా" అని పట్టుకుని నడుస్తారు. లుంగీ, కాళ్ళకి చెప్పులు, చేతిలో ఆగని గొలుసు. కాలు జారిందంటే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. పైగా డ్రమ్ము అరిగితే బ్రేకు బెల్టు కూడా సరిగ్గా పట్టదు. మిషన్ ఎగిరి మొహం మీదకి వచ్చినప్పుడు గొలుసుని ఆపాల్సింది ఆ బ్రేకే. విరిగిన స్ప్రింగు ధరకీ తొడ నరానికీ బేరం పెట్టుకునే రైతు ఎవడూ ఉండడు. తెలియక పెట్టుకుంటున్నాం, అంతే.

ఇక షాపువాళ్ళ సగం

మొన్న ఒక షాపులో, వాళ్ళే అమ్మిన మోడల్‌కి వామ్ గేరు అడిగాను. "అవి విడిగా రావండీ" అన్నారు. పక్క వీధిలో స్కూటర్ సామాన్ల కొట్టులో దొరికింది. అమ్మడానికి గోడనిండా మిషన్లు వేలాడతీసి, దాంట్లో అరిగే సామాను ఒక్కటి కూడా పెట్టకపోవడాన్ని ఏమనాలి? స్ప్రాకెట్, గేరు, స్ప్రింగులు అరిగే సామానే. అరుగుతాయని వాళ్ళకి తెలుసు. సామాను దొరక్కపోతే మనం ఇంకో మిషన్ కొంటామని కూడా తెలుసు. నిజాయితీగా పనిచేసే మెకానిక్కులు మండలానికి ఒకరిద్దరు లేకపోలేదు. వాళ్ళకి చేతులెత్తి దండం. వాళ్ళకీ సామాను దొరక్కే పని ఆగిపోతోంది.

అందుకని కొనేటప్పుడే అడగండి. "క్లచ్ డ్రమ్ము, స్ప్రింగులు, వామ్ గేరు, ఆయిల్ పంపు మీ దగ్గర ఉన్నాయా? ఉంటే ఇప్పుడే చూపించండి." చూపించలేని షాపులో వెయ్యి రూపాయలు తక్కువకి వచ్చినా కొనకండి. బిల్లు తీసుకోండి, మోడల్ నంబరు రాయించుకోండి. బిల్లు ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోన్ చేయడానికి సిగ్గు పడొద్దు. డబ్బిచ్చి కొన్నాం, ఊరికే తెచ్చుకోలేదు.

అక్టోబరు లోపల చేయాల్సిన పని

కోస్తావాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకింది. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం మీద పడి ఉద్దానంలో కొబ్బరిని, జీడిమామిడిని నేలమట్టం చేసింది. అలాంటి రోజు తెల్లారేసరికి దారికి అడ్డంగా చెట్లు, కరెంటు లేదు, ఏ షాపూ తెరిచి ఉండదు. ఊళ్ళో రంపం మిషన్ నడిస్తేనే అంబులెన్సు లోపలికి వస్తుంది, పాలవ్యాను బయటికి వెళ్తుంది. పడిపోయిన కొబ్బరి మొద్దు మామూలు కట్టె కూడా కాదు. దాని పీచు కవరు కింద చుట్టుకుని నూనె దారి మూసేస్తుంది, ఇసుక అంటిన మొద్దు గొలుసుని కాసేపట్లో మొద్దు చేస్తుంది. అంటే క్లచ్, పంపు రెండూ గట్టి పరీక్షకి నిలబడాల్సిన రోజు అదే. ఆ రోజు "నూనె రావట్లేదు", "గొలుసు తిరగట్లేదు" అంటే వినేవాడు ఉండడు.

ఊళ్ళో ఒకే రకం మిషన్ ఉన్నవాళ్ళు ఎంతమందో లెక్క వేసుకోండి. అయిదుగురో పదిమందో కలిసి ఒక డబ్బా పెట్టుకోండి. అందులో ఒక డ్రమ్ము, ఒక స్ప్రింగుల సెట్టు, ఒక నీడిల్ బేరింగు, రెండు వామ్ గేర్లు, ఒక ఆయిల్ పంపు, గొట్టం, ఫిల్టరు, రెండు ఆకురాళ్ళు, లీటరు నూనె, ఒక మూర నైలాన్ తాడు. తలా కాస్త వేసుకుంటే ఎవరికీ బరువు కాదు. వాడినవాళ్ళు మళ్ళీ కొని పెట్టాలి, అదొక్కటే షరతు. ఊళ్ళో కుర్రాళ్ళు ఇద్దరికి విప్పడం, బిగించడం నేర్పండి. సెల్‌ఫోన్ విప్పి డిస్‌ప్లే మార్చే పిల్లలకి ఇదొక లెక్కా?

ఈ ఆదివారం ఎవరి మిషన్ వాళ్ళు బయటికి తీయండి. కవరు విప్పి తుడవండి, ట్యాంకులో నల్లది ఉంటే పారబోయకుండా డబ్బాలోకి వంచి పక్కన పెట్టండి, కడిగి కొత్త నూనె పోయండి, అట్ట మీద గీత పడుతుందో లేదో చూడండి. "మిషన్ అయిపోయిందండీ" అని ఎవరైనా అంటే ఒక్కటే అడగండి: "ఇంజను అయిపోయిందా, క్లచ్చా, పంపా? విప్పి నా ముందు చూపించు." ఆ ప్రశ్న అడగడం ఊరంతా నేర్చుకున్న రోజున, రెండు సీజన్ల సరుకు అనే మాట దానంతట అదే పోతుంది.

మీ మిషన్ మోడల్, మీకొచ్చిన ఇబ్బంది కింద రాయండి. ఆ సామాను మీ జిల్లాలో ఎక్కడ దొరుకుతుందో తెలిసినవాళ్ళు చెప్తారు.